పదకొండు మిల్లీమీటర్ల చుక్క

ఆ మంగళవారం ఉదయం నెవెంక వేసుకున్న పథకం చాలా చిన్నది. తొమ్మిదిన్నరకు ఇలిత్సా వీధిలో వింకో మాస్టారి అచ్చు వర్క్‌షాపుకు వెళ్ళాలి, నమూనా చూడాలి, సంతకం పెట్టాలి, పది నలభై రైలెక్కి వరాజ్‌దిన్ దగ్గరి వేడినీటి బుగ్గలకు పోవాలి. ఎడమ మోకాలికి పది రోజులు బురద వైద్యం చేయించుకోమని డాక్టరు రాసిచ్చాడు. తిరిగి వచ్చే రోజు సాయంత్రమే జాగ్రెబ్‌లో ఆమె ప్రదర్శన మొదలు. ఇందులో తేడా రావడానికి ఏముంటుందని ఆమె అనుకుంది. పంతొమ్మిది వందల డెబ్బై మూడో సంవత్సరం, ఏప్రిల్ నెల, ఎండ కూడా చక్కగా కాసింది.

నెవెంక వేసే బొమ్మల గురించి చెప్పడం తేలిక. తెల్ల కాగితం, దాని మీద ఒక ఆకారం, ఆ ఆకారానికి ఒక రంగు. ఇరవై రెండేళ్ళుగా అంతే. ఎర్ర చదరం ఒక ఏడాది, పచ్చ త్రికోణం ఇంకో ఏడాది. ఆవిడ వీధి పోస్ట్‌మ్యాన్ ప్రతి ప్రదర్శనకూ వచ్చి, "బాగుందమ్మా, మిగతాది ఎప్పుడు వేస్తారు?" అని అడిగి పోయేవాడు. నెవెంక నవ్వేది కాదు. "ఒక రంగును ఒంటరిగా నిలబెట్టండి, అది నిజం చెబుతుంది. పక్కన ఇంకోటి పెట్టారో, రెండూ కలిసి నాటకం మొదలుపెడతాయి" అనేది. ఆమెకు యాభై ఎనిమిదేళ్ళు. ఆ వయసుకు ఆమె దగ్గర మిగిలిన ఆస్తి ఈ ఒక్క నియమమే.

ఆ నియమాన్ని కాగితం మీదికి దించేది వింకో. పట్టు తెర బిగించి, ఇంకు పోసి, రబ్బరు పట్టీతో ఒక్క లాగు లాగితే, చదరం అంచు బ్లేడుతో కోసినట్టు వచ్చేది. అరవై ప్రతులు వేస్తే అరవై కవల పిల్లలు. మాస్టారికి అరవై ఏడేళ్ళు. ఆయనకూ ఒక సిద్ధాంతం ఉంది. కళాకారుడు నమూనా మీద "బాగుంది, వేయండి" అని పెన్సిల్‌తో రాసి సంతకం పెట్టాక, ఆ కాగితం మీద ఏముంటే అదే చట్టం. కలపకూడదు, తీసెయ్యకూడదు, ఎందుకని అడగకూడదు. ఒకసారి ఒక చిత్రకారుడు నమూనా మూలన పొరపాటున గీసిన గీతను ఆయన ఎనభై ప్రతుల్లోనూ భక్తిగా వేసి ఇచ్చాడు. ఆ చిత్రకారుడు తిట్టకపోగా, అదే అన్నిటికంటే బాగుందన్నాడు. దాంతో మాస్టారి సిద్ధాంతం ఇంకా బిగుసుకుంది.

అయితే అడిగే అలవాటు ఆయనకు అసలు లేదని కాదు. సంతకానికి ముందు, నెవెంక దగ్గర మాత్రం, అప్పుడప్పుడూ నోరు విప్పేవాడు. కిందటి ఏడాది పసుపు త్రికోణం వేస్తుండగా, "ఈ పసుపు కొంచెం ఆకుపచ్చకు పోతోందమ్మా, చూసుకోండి" అన్నాడు. ఆ ఉదయమే ఒక పత్రిక నెవెంకను దుమ్మెత్తిపోసింది. ఆ కోపం వచ్చి ఇక్కడ పడింది. "మాస్టారూ, మీరు అచ్చు వేయండి. ఆలోచన నాకు వదిలేయండి" అంది. వింకో అలాగే అచ్చు వేశాడు. మూడు నెలల తర్వాత ఒక పెద్ద హాలులో, పగటి వెలుతురులో, నెవెంక ఆ పసుపును చూసింది. ఆకుపచ్చకు పోతూనే ఉంది. వెళ్ళి ఆ మాట చెప్పాలనుకుంది. ఈ వారం, వచ్చే వారం అనుకుంటూ ఏడాది గడిచింది. కాలు జారితే లేవొచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. తీసుకోవచ్చు, దానికి ఇలిత్సా వీధి దాకా నడిచి వెళితే చాలు. ఆమె నడవలేదు, అంతే.

ఈసారి నమూనా నీలం చదరం. నెవెంక వెళ్ళేసరికి కిటికీ పక్క బల్ల మీద ఉంది. ఆమె చాలాసేపు చూసింది. అలాంటి నీలం ఇంతకు ముందు తనకు రాలేదు. "సరే" అంది. ఇరవై రెండేళ్ళుగా ఆమె మెచ్చుకోలు ఆ ఒక్క మాటే, మాస్టారు కూడా అంతకు మించి ఆశించలేదు. అంతలో వాకిట్లోకి కాగితాల బండి వచ్చిందని కేక వినబడి ఆయన బయటికి వెళ్ళాడు.

సరిగ్గా అప్పుడే ఆయన భార్య బారిత్స, మేడ మీద వంటింట్లోంచి గిన్నె పట్టుకుని దిగింది. పదికి గబ్లెత్స్, అంటే పనివాళ్ళ పొద్దుటి తిండి. ప్రపంచం మునిగిపోయినా ఇలిత్సా వీధిలో పదికి తినాల్సిందే. ఆ రోజు గులాష్. ఎర్ర మిరపపొడి, వెల్లుల్లి దండిగా వేసి, పంది కొవ్వులో నాలుగు గంటలు మగ్గబెట్టిన మాంసం పులుసు.

"కూర్చో వదినా, రెండు ముద్దలు తిని పో" అంది బారిత్స.

"రైలుంది వదినా, పది నలభైకి."

"రైలు ఎటూ ఆలస్యంగానే వస్తుంది. అక్కడ బురదలో పడుకోబెట్టి ఉడికించిన బంగాళాదుంప పెడతారు. నా మాట విని తిను."

పళ్ళెం చేతిలో పెట్టి ఆమె రొట్టె కోసం మేడెక్కింది. అచ్చు గదిలోకి తిండి తేకూడదు. తలుపు మీద బోర్డు కూడా ఉంది. ముప్పై ఏళ్ళలో బారిత్స ఒక్కనాడూ గిన్నెతో ఆ గడప దాటలేదు. నెవెంక దాటింది. రైలు తొందర ఒకటి, ఆ నీలాన్ని ఇంకోసారి చూసుకోవాలన్న ఆశ ఒకటి. ఎడమ చేత్తో పళ్ళెం పట్టుకుని, కుడి చేత్తో "బాగుంది, వేయండి" అని రాసి, సంతకం పెట్టి, పెన్సిలు పక్కన పెట్టి చెంచా అందుకుంది. కళ్ళు నీలం మీదే ఉన్నాయి. చెంచా కొస నుంచి ఒక చుక్క, చదరానికి కాస్త దిగువన, సంతకానికి బెత్తెడు దూరంలో రాలింది. ఆమె చూడలేదు. పళ్ళెం బయట పెట్టి, బారిత్స తెచ్చిన రొట్టె ముక్క చేతిలో పట్టుకుని, కుంటుకుంటూ స్టేషనుకు పరిగెత్తింది.

కాగితాలు లోపల పెట్టించి వచ్చిన వింకో నమూనా ముందు నిలబడిపోయాడు. తెల్ల కాగితం, నీలం చదరం, కింద ఒక నారింజ రంగు చుక్క. గుండ్రంగా, ముచ్చటగా ఉంది. చుట్టూ సన్నని పారదర్శకమైన వలయం. దాని పక్కనే సంతకం. నమూనా మీద రంగు పెన్సిల్‌తో మార్పులు గుర్తు పెట్టడం కళాకారులకు మామూలే. నూనె పెన్సిల్ అయి ఉంటుందనుకున్నాడు. వాసన చూద్దామన్నా లాభం లేదు. నలభై ఏళ్ళుగా టర్పెంటైను పీల్చిన ముక్కుకు గులాబీకీ గుర్రపు లద్దెకూ తేడా తెలియదు.

"బారిత్సా," అన్నాడు మెట్ల దగ్గర నిలబడి, "నెవెంకగారు చుక్క పెట్టారే."

"ఏం చుక్క?"

"నారింజ చుక్క. చదరం కింద."

"పెట్టనీండి పాపం! ఇన్నేళ్ళూ ఒక్క రంగుతో ఎలా నెట్టుకొచ్చిందో. మీరేమన్నారు?"

"నేనేమంటాను? ఆలోచన తనకు వదిలేయమంది కదా."

ఆ మాట ఆయన నవ్వుతూనే అన్నాడు. అయినా బారిత్సకు నవ్వు రాలేదు. ఏడాదిగా ఆయన ఆ మాటను నెలకోసారైనా తలుచుకోవడం ఆమె వింటూనే ఉంది.

స్కేలు పెట్టి కొలిచాడు. ఏడు మిల్లీమీటర్లు. ఆ రోజంతా కూర్చుని చుక్కకు ఒక తెర, ఆ వలయానికి వార్నిషు వేయడానికి ఇంకో తెర తయారు చేశాడు. ఒక్క రంగు బొమ్మ కాస్తా మూడు తెరల బొమ్మ అయింది. బుధవారం ఉదయం, ఎందుకైనా మంచిదని మళ్ళీ కొలిచాడు. తొమ్మిది.

వింకో స్కేలు తుడిచాడు. తొమ్మిదే. నిన్న తొందరలో కొలిచి ఉంటానని తనను తనే తిట్టుకుని తెరలు రెండూ కడిగేసి మళ్ళీ చేశాడు. గురువారం పదకొండు.

ఇక ఆయనకు తలప్రాణం తోకకొచ్చింది. చుక్కలు పెరగవు. నలభై ఏళ్ళలో ఏ చుక్కా పెరగలేదు. పెరగనిది పెరిగినట్టు కనిపిస్తే తప్పు చుక్కది కాదు, చూసేవాడిది. ఈ ఆలోచన రాగానే ఆయన స్కేలు బల్ల మీద పెట్టేశాడు. అచ్చు పనిలో కళ్ళు పోతే ఇంకేముంటుంది? ఎవరికీ చెప్పలేదు. టోపీ పెట్టుకుని పోస్టాఫీసుకు వెళ్ళి, వేడినీటి బుగ్గల ఆఫీసుకు ట్రంకాల్ బుక్ చేశాడు. నలభై నిమిషాలకు లైను కలిసింది.

"నెవెంకగారా? ఆవిడ బురదలో ఉన్నారండీ" అంది అవతలి అమ్మాయి. "మెడదాకా."

"మోకాలి నొప్పి కదమ్మా ఆవిడకు?"

"ఏ నొప్పయినా మా దగ్గర మెడదాకానే. ఏమన్నా చెప్పమంటారా?"

వింకో ఆలోచించాడు. ఏమని చెప్పాలి? మీరు పెట్టిన చుక్క ఎంతని అడుగుతున్నాడని చెప్పాలా? చట్టాన్ని చదవడం చేతకాని ముసలాడని చెప్పాలా? ఆలోచన ఎవరికి వదిలేయాలో ఆయనకు గుర్తొచ్చింది. "ఏమీ లేదమ్మా, ఊరికే" అని ఫోను పెట్టేశాడు.

శనివారం గ్యాలరీ బండి వస్తుంది. కాబట్టి మూడుసార్లు కొలిచి, మూడుసార్లూ పదకొండే వచ్చిందని నిశ్చయించుకుని, పదకొండుతోనే దిగాడు. ఇక రంగు మిగిలింది. నారింజలో ఎరుపు కలిపాడు, గోధుమ రంగు కలిపాడు, ఏది కలిపినా ఆ నిండుదనం రాలేదు. పదికి బారిత్స గిన్నె పట్టుకుని గడప దగ్గర నిలబడింది. మంగళవారం మిగిలిన గులాషే వేడి చేసి తెచ్చింది, మూడో రోజుకు దానికి అసలు రుచి వస్తుంది. వింకో గిన్నెలోకి చూశాడు. అలాగే చూస్తూ ఉండిపోయాడు.

"ఏవండీ, ఈగ గానీ పడిందా?"

"కదలకు!" అన్నాడు. రంగు పూసిన కాగితం ముక్క తెచ్చి గిన్నె పక్కన పెట్టి చూశాడు. "ఈ రంగే. సరిగ్గా ఈ రంగే కావాలి నాకు. అలాగే పట్టుకో."

పావుగంట బారిత్స గడప అవతల గిన్నె ఎత్తిపట్టుకుని నిలబడింది, వింకో గడప ఇవతల ఇంకు కలిపాడు. ఎట్టకేలకు రెండూ ఒకటయ్యాయి. జాగ్రెబ్ మొత్తంలో ఆ రంగును అంత కచ్చితంగా పట్టగలిగేవాడు ఇంకొకడు లేడు. అది ఏమిటో పట్టలేకపోయింది కూడా ఆయనొక్కడే.

గురువారం సగం, శుక్రవారం సగం, అరవై ప్రతులూ అయ్యాయి. ఆఖరి ప్రతిని నమూనా పక్కన పెట్టి చూసుకోవడం ఆయన పద్ధతి. చూశాడు. ప్రతిలో చుక్క పదకొండు. నమూనాలో పదమూడు.

వెంటనే పరిగెత్తితే, కళ్ళ డాక్టరు గోడ మీది అక్షరాలు చదవమన్నాడు. వింకో అన్నీ చదివి, అట్ట అడుగున చీమ తలకాయంత ఉన్న ముద్రణాలయం పేరు కూడా చదివి, "ఇక్కడ ఇంకు పలచబడింది" అన్నాడు.

"మీకు కళ్ళజోడెందుకండీ?" అన్నాడు డాక్టరు.

"స్కేలు నాకు అబద్ధం చెబుతోంది."

"అయితే స్కేలు మార్చండి."

వింకో కొత్త స్కేలు కొన్నాడు. అదీ పదమూడే అంది. మళ్ళీ వెళ్ళి డాక్టరును బతిమాలి ఒక కళ్ళజోడు రాయించుకున్నాడు. పెట్టుకుంటే పదమూడు ఇంకా స్పష్టంగా కనబడింది. ఏం చేయగలడు? మళ్ళీ అరవై వేయడానికి కాగితమూ లేదు, వ్యవధీ లేదు. జీవితంలో మొదటిసారి నమూనాకు సరిపోలని పని బండెక్కించాడు.

ఆ శనివారం బారిత్స ఎప్పటిలాగే చీపురు పట్టుకుని అచ్చు గదిలోకి వచ్చింది. గోడకు తగిలించిన నమూనా దగ్గరికి వచ్చేసరికి చీపురు ఆగింది. ముక్కు ముందుకు పెట్టి ఒకసారి పీల్చింది. వెల్లుల్లి. ఇంకోసారి పీల్చింది. జీలకర్ర, కాస్త బిర్యానీ ఆకు. తన వంటను తాను గుర్తుపట్టడానికి బారిత్సకు కళ్ళు అక్కరలేదు.

వెనక్కి తిరిగితే వింకో స్టూలు మీద కూర్చుని ఉన్నాడు, కొత్త కళ్ళజోడుతో.

"ఇదే ఆఖరి పనేమో బారిత్సా," అన్నాడు. "కళ్ళు పోయాయి. గ్యాలరీలో ఆవిడ చూసి ఏమంటుందో, దాన్ని బట్టి తేల్చుకుంటాను."

ఎందుకు పోయాయనుకుంటున్నాడో ఆయన చెప్పలేదు. ఆమె అడగలేదు. ఆయన ఆఖరి పనేమో అంటున్న దాని మీద పడింది తన పులుసు. ఆ మాట ఎలా చెబుతుంది? కిందటేడు ఒక్క మాటకే ఇంతగా నలిగిన మనిషి ఇది వింటే ఏమవుతాడు? మింగలేక, కక్కలేక, మూలలన్నీ రెండుసార్లు ఊడ్చింది.

తర్వాతి శుక్రవారం నెవెంక రైలు దిగి నేరుగా గ్యాలరీకి వెళ్ళింది. మధ్యాహ్నం అరవై ప్రతుల మీదా సంతకాలు పెట్టాలి, సాయంత్రం ఏడుకు ప్రదర్శన. మోకాలు నిజంగానే తగ్గింది, మనసు తేలికగా ఉంది. గ్యాలరీ అధికారి డాక్టర్ జ్లాతర్ చేతులు చాచి ఎదురొచ్చాడు.

"నెవెంకా! ఏం సాహసం! ఇరవై రెండేళ్ళ మౌనం తర్వాత ఒక్క చుక్క! నాకు రాత్రి నిద్ర పట్టలేదు."

"ఏం చుక్క?" అంది నెవెంక.

చూసింది. మొదటి కాగితం, రెండోది, పదోది, అరవయ్యోది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇంతటి నీలం తనకు మళ్ళీ రాదు. దాని కింద, పెళ్ళిలో పిలవని చుట్టంలా, ఆ నారింజ రంగు. ఆమెకు తోచిన మొదటి ఆలోచన మంచిది కాదు. కిందటేడు అన్న మాటకు మాస్టారు పగ తీర్చుకున్నాడనుకుంది. సంతకం పెట్టకుండా లేచి ఇలిత్సా వీధికి బయల్దేరింది. దారి పొడుగునా మాటలు పేర్చుకుంది. ప్రతి ట్రాము స్తంభం దగ్గరా ఒక కొత్త తిట్టు దొరికింది.

వాకిలి గేటు దగ్గరే బారిత్స ఆమె చెయ్యి పట్టుకుంది. అప్పటికి మూడు గంటలుగా అక్కడే కాపలా కాస్తోంది.

"వదినా, తిట్టాలంటే నన్ను తిట్టు. అది నా గులాష్."

"ఏది?"

"ఆ చుక్క. నువ్వు పళ్ళెం పట్టుకుని లోపలికి వెళ్ళుంటావు, అప్పుడు పడింది. నువ్వు సంతకం పెట్టేశావు. ఆయన సంగతి నీకు తెలుసుగా, ఉన్నది ఉన్నట్టు వేసేశారు. మూడు తెరలు చేశారమ్మా దానికి! మూడు రోజులు అన్నం సయించలేదు."

నెవెంక గేటు పట్టుకుని నిలబడింది. తలుపు మీది బోర్డు గుర్తొచ్చింది. తన చేతిలోని పళ్ళెం గుర్తొచ్చింది. పేర్చుకున్న తిట్లన్నీ తిరిగి తన మీదికే వచ్చాయి.

"నన్ను అడగొచ్చు కదా ఆయన?"

అడగొద్దన్నది తానేనని అంటుండగానే తట్టింది.

"ఆయనకు చెప్పకు వదినా," అంది బారిత్స. "ఇదే ఆఖరి పనేమో అంటున్నారు. పులుసు మరకకు అంత కష్టపడ్డానని తెలిస్తే కుంగిపోతారు. ఒక్క మంచి మాట చెప్పి పో. నీకు పుణ్యముంటుంది."

నెవెంక ఒప్పుకుంది. ఇరవై రెండేళ్ళ నియమం పోతే పోనీ, ఏడాదిగా మోస్తున్న బాకీ ఇలాగైనా తీరుతుందనుకుంది. లోపలికి వెళ్ళింది. వింకో లేచి నిలబడ్డాడు. ఏదో తీర్పు వినడానికి వచ్చినవాడిలా టోపీ చేతుల్లో పట్టుకున్నాడు.

"మాస్టారూ, అద్భుతంగా వచ్చింది" అంది నెవెంక.

వింకో ఆమె ముఖంలోకి చూశాడు. "నమూనాకు సరిపోయిందా అమ్మా?"

"అచ్చంగా సరిపోయింది."

"చుక్క?"

"చుక్క మరీ బాగుంది. ఇంత బాగా ఇంకెవరూ వేయలేరు."

ఆయన తల మెల్లగా తిప్పి గోడ మీది నమూనాను చూశాడు. పద్నాలుగు. మళ్ళీ ఆమెను చూశాడు. "సంతోషమమ్మా" అన్నాడు. ఆ గొంతులో సంతోషం లేదని నెవెంక గమనించింది గానీ, అలసట అనుకుంది. తాను చేసిన మంచి పనికి తానే కాస్త కరిగిపోయి గ్యాలరీకి తిరిగి వెళ్ళి, అరవై సంతకాలూ పెట్టింది. తన పేరు కింద తనది కాని మాట రాయడం ఆమెకు అదే మొదలు.

ఏడు గంటలకు హాలు నిండింది. అందరూ చుక్క చుట్టూ మూగారు. నీలాన్ని చూసినవాళ్ళు లేరు. డాక్టర్ జ్లాతర్ అరగంట మాట్లాడాడు. చదరం అంటే సమాజమనీ, చుక్క అంటే మనిషనీ, చుట్టూ ఉన్న ఆ పారదర్శక వలయం మనిషి ఒంటరితనమనీ చెప్పాడు. పోస్ట్‌మ్యాన్ నెవెంక చెయ్యి ఊపేస్తూ, "మిగతాది వేశారమ్మా, ఇప్పుడు బాగుంది!" అన్నాడు. నెవెంకకు ఎటైనా పారిపోవాలనిపించింది.

వింకో పెళ్ళినాటి కోటు వేసుకుని, బారిత్సతో కలిసి ఆలస్యంగా వచ్చాడు. రకియా అనే పళ్ళ సారా గ్లాసు అందుకుని, తాగకుండా, నెవెంకను ఒక పక్కకు పిలిచాడు.

"మీకు కృతజ్ఞతలు చెప్పి పోదామని వచ్చాను. మీరు నా మీద జాలిపడ్డారు. అర్థమైంది."

"జాలి ఏమిటి మాస్టారూ?"

"ఇరవై రెండేళ్ళలో మీరు నాతో 'సరే' తప్ప ఇంకో మాట అన్లేదు. బాగా వస్తే 'సరే'. బాగా రాకపోతే మళ్ళీ వేయమనేవారు. ఇవాళ 'అద్భుతం' అన్నారు. సరిపోయిందన్నారు. నమూనాలో చుక్క పద్నాలుగు, నేను వేసింది పదకొండు. మూడు మిల్లీమీటర్ల తేడా మీ కంటికి కనబడకపోవడమేమిటి? ముసలాడు, పోనీలే అనుకున్నారు." గ్లాసు కిటికీలో పెట్టాడు. "మంగళవారం కొలిస్తే ఏడమ్మా అది. బుధవారం తొమ్మిది. తర్వాత పదకొండు, పదమూడు. రోజుకో లెక్క. కళ్ళు పోయాయని అప్పుడే తెలిసింది. మీ నోట వింటే గానీ నమ్మకూడదని ఆగాను."

నెవెంక బారిత్స వైపు చూసింది. బారిత్స నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ముప్పై ఏళ్ళుగా నూనెలో వేయించిన పిండివంటలు కాగితంలో చుట్టిచ్చే మనిషికి, కొవ్వు కాగితంలో ఎలా పాకుతుందో ఒకరు చెప్పనక్కరలేదు.

"మాస్టారూ," అంది నెవెంక, "అది చుక్క కాదు. గులాష్."

"ఏమిటీ?"

"మీ బోర్డు చూసి కూడా పళ్ళెంతో లోపలికి వెళ్ళాను. నా చేతి నుంచి పడింది. నేను పెట్టింది కాదు."

"నా గులాషేనండీ," అంది బారిత్స ఏడుపు గొంతుతో. "కొవ్వు కదా, రోజూ పాకింది."

వింకో పెదవులు కదిలాయి, ఏడు, తొమ్మిది, పదకొండు అని లెక్కపెట్టుకుంటున్నాడు.

"అయితే మంగళవారం ఏడేనా?"

"ఏడే."

"శుక్రవారం పదమూడు?"

"పదమూడే మాస్టారూ. మీరు ఒక్కరోజు కూడా తప్పు కొలవలేదు. మీ కళ్ళలాంటి కళ్ళు ఈ ఊళ్ళో లేవు. కిందటేడు ఆ పసుపు కూడా ఆకుపచ్చకే పోయింది. మీరే చూశారు, నేనే చూడలేదు. ఆ మాట చెప్పాలని ఏడాది నుంచీ..."

ఆయన కళ్ళజోడు తీశాడు. ఆ ముఖంలో ముందు వెలుగు వచ్చింది. పదేళ్ళు తగ్గినట్టు నవ్వాడు. గోడ దాకా వెళ్ళి, ఉత్త కళ్ళతో నీలం చదరం అంచుల్ని ఈ చివర నుంచి ఆ చివరికి చూసుకుని వచ్చాడు. "ఈ నీలం బాగా వచ్చింది కదమ్మా" అన్నాడు. ఆ సాయంత్రం మొత్తంలో నీలం గురించి మాట్లాడిన మనిషి ఆయనొక్కడే. అంతలో ఏదో గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది.

"నాలుగింటికి మీరు అటు వెళ్ళారు, నేను ష్టెఫ్ దగ్గరికి వెళ్ళాను" అన్నాడు.

ష్టెఫ్ ఊరగాయ సీసాలకు లేబుళ్ళు వేసేవాడు. ఆ వర్క్‌షాపు కోసం రెండేళ్ళుగా తిరుగుతున్నాడు.

"ఇచ్చేశాను. బల్ల, తెరలు, ఆరబెట్టే చట్రాలు, అన్నీ. చెయ్యి కలిపాను."

చెయ్యి కలిపాక మాట వెనక్కి తీసుకునే మనిషి కాదు వింకో. అలాంటివాడే అయితే అసలు ఆ చుక్కే వేసేవాడు కాదు.

"నన్ను ఒక్క మాట అడిగి ఉంటే ఎంత బాగుండేది మాస్టారూ!"

"అడుగుదామనే ఫోన్ చేశానమ్మా" అన్నాడు వింకో, నెమ్మదిగానే, ఏ కక్షా లేకుండా. "మరి ఆలోచన మీకు వదిలేయమన్నారు కదా."

మర్నాడు పొద్దున్నే నెవెంక ష్టెఫ్ దగ్గరికి వెళ్ళి బతిమాలింది. ష్టెఫ్ మర్యాదగానే కుర్చీ వేసి, కాఫీ ఇచ్చి, "అమ్మా, నాలుగు పీపాల ఇంకు అప్పుడే దింపించాను, నేనేం చేయను?" అన్నాడు. ఆమె తిరిగొస్తూ దారంతా ఒకే లెక్క వేసుకుంది. గట్టిగా అనకూడని రోజు గట్టిగా అంది. గట్టిగా అనాల్సిన రోజు తీపిగా అంది. నిన్న దారిలో పేర్చుకున్న తిట్లలో ఒక్కటి తిట్టి ఉంటే, మాస్టారు ఆ తెరల ముందే ఉండేవాడు. ఈ లెక్క ఆమెను చాలా కాలం వదల్లేదు.

గ్యాలరీ వాళ్ళు వచ్చే ఏడాదికి రెండు చుక్కలు అడిగారు. నెవెంక ఒక్కటీ ఇవ్వలేదు. ఇంకెవరి చేతా అచ్చు వేయించనూ లేదు. ప్రతి శుక్రవారం ఇలిత్సా వీధికి నడిచి వెళ్ళి, మేడ మీద వంటింట్లో కూర్చుని, బారిత్స పెట్టింది తిని, వింకోతో రంగుల గురించి మాట్లాడేది. ఆలోచనలన్నీ ఇద్దరూ కలిసే చేసేవాళ్ళు. వేయడానికి మాత్రం కింద బల్ల లేదు.

అక్టోబరులో ఒక శుక్రవారం ముగ్గురూ బజారుకు వెళ్ళారు. కిరాణా దుకాణం అద్దాల వెనక మిరప ఊరగాయ సీసాలు వరసగా పేర్చి ఉన్నాయి. తెల్ల లేబులు, మధ్యలో ఒక నారింజ చుక్క, కింద ష్టెఫ్ పేరు. పని అయిపోగానే తెర కడిగేయడం వింకో నలభై ఏళ్ళ ఆచారం. అరవై ప్రతులూ ముగిసిన శుక్రవారం తొందరలో నీలం తెర కడిగాడు గానీ, చుక్క తెర మర్చిపోయాడు. ష్టెఫ్‌కు అది నచ్చింది.

వింకో అద్దానికి బారెడు దూరంలో నిలబడి, కళ్ళజోడు లేకుండా ఒక్క నిమిషం చూశాడు.

"ఇంకు పలచన చేశాడు, అంచు పాకింది" అన్నాడు. "పదకొండు తెరలో పన్నెండు తీశాడు."

నెవెంక లోపలికి వెళ్ళి ఒక సీసా కొనుక్కుంది. ఇంటికి తీసుకెళ్ళి, బల్ల మీద పెట్టి, స్కేలు తీసి కొలిచింది.

పన్నెండు.